కుండీలో దొరసాని

జూన్ 8, ఆదివారం

దొరసానికి మళ్లీ ఒక ఆకు ముడుచుకుంది. పొద్దున లేచి చూసేసరికి కిటికీ వైపున్న పెద్ద ఆకు రెండు అంచులూ దగ్గరికి లాక్కుని గొట్టంలా చుట్టుకుపోయి ఉంది. వేలు పెట్టి మెల్లగా విప్పాను. వదలగానే మళ్లీ చుట్టుకుంది. నా మాట వినేవాళ్లు ఈ ఇంట్లో కూడా లేరన్నమాట.

దీని అసలు పేరు కాలథియా. ఆకుల మీద కుంచెతో గీసినట్టు చారలు, వెనక ఊదా రంగు. నీళ్లు పోస్తే అలుగుతుంది, పోయకపోతే అలుగుతుంది. అందుకే దొరసాని అన్నాను. నేను వదిలొచ్చిన ఇంట్లో మాత్రం దీని పేరు డ్రాయింగ్ రూమ్ మొక్క. తెల్ల పింగాణీ కుండీలో, సోఫా పక్కన ఉండేది. వచ్చినవాళ్లు ముందు దాన్ని మెచ్చుకుని తర్వాత కూర్చునేవాళ్లు. అక్కడ దీనికి ఒక్క ఆకు కూడా ముడుచుకునేది కాదు.

పదహారేళ్లున్న ఇంట్లోంచి వచ్చేస్తూ నేను తెచ్చుకున్నవి రెండు పెట్టెలు, నా పాత కత్తెర, ఇది. గుమ్మం దగ్గర మా ఆయన, "మొక్కెందుకు నీకు? నీ దగ్గరుంటే నెల తిరక్కుండా చస్తుంది" అన్నారు. కోపంగా కూడా కాదు. అన్నీ ఎలా అంటారో అలాగే, నవ్వుతూ.

చావదు. రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 9, సోమవారం

నీళ్లు పోశాను. దాహమై ఉంటుంది.

జూన్ 11, బుధవారం

మళ్లీ పోశాను. ఇంకో ఆకు ముడుచుకుంది.

జూన్ 14, శనివారం

కర్టెన్ల కొట్టులో ఓనరమ్మ ఇవాళ నన్ను కౌంటర్ దగ్గర్నుంచి కోత బల్ల దగ్గరికి మార్చింది. పెళ్లికి ముందు ఈ పనే చేసేదాన్ని. చెయ్యి మర్చిపోలేదు. ఆరు గజాల గుడ్డ ఒక్క వంకర లేకుండా కోస్తే ఆవిడ ఏమీ అనకుండా ఇంకో తాను తెచ్చి బల్ల మీద వేసింది. నాకు అంతకన్నా మెచ్చుకోలు అక్కర్లేదు.

మధ్యాహ్నం నా కత్తెరకి సాన పట్టించాను. సాన పట్టేవాడు దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "అమ్మా, దీంతో గుడ్డ కోసి చాలా కాలమైంది కదా? ఆకులో కాడలో కోశారు, పసరు పట్టి నల్లబడింది" అన్నాడు. వాడి మొహం. గుడ్డ కత్తెరని కాగితానిక్కూడా తగలనివ్వం మేం. ఆ ఇంట్లో పనిమనిషి ఎవరో వాడి ఉంటుంది.

మొన దగ్గర చిన్న గంటు ఉంది, అది పోదట. నా పక్క మిషను మీద కుట్టే ఆవిడ పోగుల్ని పరీక్షగా చూసి, "నువ్వు కోసిన గుడ్డ ఎక్కడున్నా పట్టేస్తాను. చివర్న ఎలక కొరికినట్టు చిన్న పన్ను గుర్తుంటుంది" అంది. ఈవిడని కొట్లో అందరూ జిప్ అంటారు. నోటికి జిప్ లేదని.

జూన్ 17, మంగళవారం

అక్క వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏమే, దీనికేమైంది? అక్కడ కళకళలాడుతుండేది!"

"ఇల్లు కొత్త కదా. అలవాటు పడుతుంది."

"మరి నువ్వో?"

నేను టీ పెట్టడానికి లేచాను. నా వెనకే వంటగదిలోకి వచ్చి నిలబడింది. ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వనని పై అంతస్తు ఇంటాయన అంటే, అగ్రిమెంటు బావ పేరు మీద రాయించింది అక్కే. అది ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది.

"మీ బావ జూలై ఆఖరిదాకా చూస్తానన్నారే. ఆ తర్వాత ఖాళీ చేస్తున్నామని ఇంటాయనకి చెప్పేస్తారట. నన్ను తిట్టకు, మధ్యలో నేను నలిగి ఛస్తున్నాను."

"ఖాళీ చేసి?"

"చేసి ఏముంది, మీ ఇంటికి వెళ్తావు."

"ఇదే నా ఇల్లు."

"మొక్కని నిలబెట్టుకోవడమే చేతకావట్లేదు నీకు…" అని ఆగింది. నా మొహం చూసి ఉంటుంది. తర్వాత నవ్వుతూ, "సరే, పందెం. ఈ మొక్క తేరుకుంటే మీ బావతో నీ తరఫున నేనే పోట్లాడతాను" అంది.

అక్క నవ్వింది గానీ నేను నవ్వలేదు. పందెం పందెమే.

జూన్ 18, బుధవారం

ఆయన దగ్గర్నుంచి మెసేజ్. "మీ అక్క ఫొటో పంపింది. మొక్కకి కూడా అక్కడ పడలేదు పాపం. ఇద్దరూ వచ్చేయండి." చివర్న ఒక నవ్వు బొమ్మ.

ఆ బొమ్మ చూసి ఒళ్లు మండిపోయింది. జవాబు రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను, మళ్లీ చెరిపాను. పోయి నీళ్లు పోశాను.

జూన్ 22, ఆదివారం

ఇవాళ దొరసానికి పూర్తి పరీక్ష.

ఆకులెందుకు ముడుచుకుంటాయని ఫోన్లో చదివాను. నీళ్లు తక్కువైతే ముడుచుకుంటాయట, ఎక్కువైనా ముడుచుకుంటాయట. ఎండ తగిలినా, గాలి కొట్టినా, గాలిలో తేమ లేకపోయినా, నీళ్లలో ఉప్పున్నా, పురుగు పట్టినా. చదివి చదివి తల బొప్పి కట్టింది. ఇన్ని కష్టాలుంటే నేను కూడా ముడుచుకునేదాన్ని.

ఫ్యాను సరిగ్గా దాని నెత్తిన తిరుగుతోంది. స్టూలు మూలకి జరిపాను. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది. కొట్టు నుంచి తెచ్చిన పల్చటి నెట్ ముక్కకి అంచు కుట్టి అడ్డం కట్టాను. పంపు నీళ్లు బకెట్లో పట్టి రేపటికి ఉంచాను. ఓనరమ్మని అడిగి తెచ్చుకున్న భూతద్దం, మేం గుడ్డలో పోగులు లెక్కపెట్టేది, పెట్టి ఒక్కో ఆకు వెనకా వెతికాను. పురుగు లేదు, గూడు లేదు. దుమ్ము ఉంది. తడిగుడ్డతో తుడిచాను.

అక్కడ ఒక్క ఆకు కూడా ముడుచుకునేది కాదు. "ఇక్కడేం తక్కువైందే నీకు?" అని గట్టిగానే అడిగాను. కిందింటావిడ మెట్ల దగ్గర కనబడి, ఇంటికెవరైనా వచ్చారా అంది. చుట్టం అని చెప్పాను.

జూన్ 27, శుక్రవారం

మొక్కతో ప్రేమగా మాట్లాడాలంటుంది జిప్.

"మాట్లాడుతున్నావా?"

"తిట్టాను."

"అదీ సంగతి! మా ఆయన కూడా తిడితే ముడుచుకుంటాడు."

జూలై 3, గురువారం

కింది ఆకు పసుపు పచ్చగా అయింది. మట్టిలో వేలు గుచ్చబోతే దిగలేదు, గట్టిగా పొడిగా ఉంది. నీళ్లు పోశాను. పోసినవి పోసినట్టే చప్పున మాయమయ్యాయి. కుండీ ఎత్తబోతే రాయిలా బరువు. పైన ఇంత పొడిగా ఉండి ఆ బరువేమిటో. అంతగా ఆలోచించలేదు, కొట్టుకి ఆలస్యమవుతోంది.

జూలై 5, శనివారం

ఇప్పుడు ఐదు ఆకులు. అక్కడ ఒక్కటి కూడా ముడుచుకునేది కాదు.

జూలై 9, బుధవారం

అక్క ఫోన్. ఇరవై ఏడో తారీఖు ఆదివారం బావ ఆయన్ని తీసుకుని వస్తారట. కూర్చుని మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయట. ఈ ఆదివారం ముందు తనొక్కతే వచ్చి నాకు నచ్చజెబుతుందట.

రానీ. అందర్నీ రానీ. ఇంట్లో ఒక్కటే కుర్చీ ఉంది, వంతులేసుకుని కూర్చుంటారు.

జూలై 12, శనివారం

రేపు అక్క వస్తుంది. ఫొటో తీస్తుంది. ఆయనకి పంపుతుంది. నవ్వు బొమ్మ వస్తుంది.

కత్తెర తీశాను. ముడుచుకున్నవి తీసేస్తే మిగిలినవి బాగానే కనిపిస్తాయి కదా అనుకున్నాను. చెయ్యి ఎంత తేలిగ్గా వెళ్లిందో. ఎడమ చేత్తో కాడ పట్టుకుని, కుడి చేత్తో మట్టికి దగ్గరగా, వాలుగా, ఒక్క నొక్కు. గుడ్డ కోసేటప్పుడు కూడా నాకింత ధీమా ఉండదు. కోసిన ఆకు చెత్తబుట్టలో పడేసి రెండో దానికి వంగాను.

అప్పుడు కనిపించాయి. మట్టి దగ్గర కాడల మొదళ్లు. ఎండినవి, నల్లబడినవి, ఒకదాని పక్కన ఒకటి, చుట్టూతా. అన్నీ వాలుగా కోసినవే. భూతద్దం తెచ్చి పెట్టి చూశాను. వాటి చివర్న చిన్న పన్ను గుర్తు. ఇప్పుడే కోసిన కాడ మీద కూడా అదే.

ఇవాళ్టికి ఇంక రాయలేను.

జూలై 13, ఆదివారం

ముడుచుకునేది. అక్కడ కూడా ముడుచుకునేది. నేనే కోసేదాన్ని.

ఆదివారాలు ఆయన స్నేహితులు వచ్చేవాళ్లు. "ఆ ముడుచుకున్నవి తీసెయ్, ఇల్లంతా రోగిష్టిగా కనబడుతోంది" అని ఆయన మొదటిసారి అనడం గుర్తొచ్చింది. తర్వాత అనాల్సిన అవసరం రాలేదు. శనివారం సాయంత్రం సోఫా గలేబులు మార్చడం, గాజు బల్ల తుడవడం, మొక్క ఆకులు కొయ్యడం. ఏళ్ల తరబడి చేసిన పని ఇలా ఎలా మర్చిపోయానో నాకు తెలియడం లేదు. కళకళలాడుతుండేది అని అక్క అంటే నేనూ నమ్మాను. కోసింది నేనై ఉండి కూడా నమ్మాను.

వాళ్లు వచ్చాక నేను కప్పులు అందించి సోఫా చివర కూర్చునేదాన్ని. ఏదైనా చెప్పబోతే ఆయన "నువ్వుండు" అనేవారు. నా వైపు చూసి కూడా కాదు. చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు. ఎందుకొచ్చేశావని అడిగినవాళ్లకి చూపించడానికి నా ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు. నువ్వుండు అన్నందుకు వచ్చేశానంటే నవ్వుతారు. నవ్వనీ.

అక్క పదకొండింటికి వచ్చింది. మిగతా ఆకులు కొయ్యలేదు, అలాగే ఉంచాను. "అయ్యో, ఇంకా పాడైపోయిందే" అంది. "ఫొటో తీసుకో. బాగా దగ్గర్నుంచి తియ్యి" అన్నాను. ఫోన్ సంచిలోంచి తీయలేదు. చెప్పాలనుకున్నదేదీ సరిగ్గా చెప్పకుండానే వెళ్లిపోయింది.

అక్క వెళ్లాక తోచింది. అక్కడా ముడుచుకుంది, ఇక్కడా ముడుచుకుంటోంది. అంటే జబ్బు ఈ ఇంటిది కాదు. కిటికీదీ కాదు, పంపుదీ కాదు, నాదీ కాదు. అక్కడి నుంచి మొక్కతో పాటు వచ్చిందేదో చూడాలి. వచ్చినవి మట్టి, కుండీ. అంతే.

కుండీని బాత్రూమ్‌లోకి ఈడ్చుకెళ్లి పక్కకి పడుకోబెట్టాను. లోపలి నుంచి కుళ్లు నీళ్లు, ఆ కంపు! ఆ అందమైన పింగాణీకి అడుగున చిల్లే లేదు. ఇన్నాళ్లూ పోసినవన్నీ అడుగునే నిలబడ్డాయి. మొక్కని లాగితే రాలేదు. కుండీకి కాలు తన్నిపెట్టి లాగాను. పింగాణీ లోపల ఇంకో కుండీ ఉంది. కొన్న రోజున నర్సరీ నుంచి వచ్చిన పల్చటి నల్ల ప్లాస్టిక్‌ది, చారెడంత. దాంతోనే తెచ్చి పింగాణీలో దింపేశాం, చుట్టూ సందులో గులకరాళ్లు పోశాం, సోఫాకి బాగా నప్పిందని అందరూ అన్నారు. అందులోంచి దాన్ని ఎవరూ బయటికి తీయలేదు.

వంటింటి చాకుతో ప్లాస్టిక్ చీల్చాను. లోపల మట్టి లేదు. వేళ్లే. గుండ్రంగా తిరిగి తిరిగి, ఒకదాన్నొకటి చుట్టేసుకుని, చెండులా గట్టిపడి ఉన్నాయి. పోసిన నీళ్లు ఆ చెండులోకి దిగకుండా పక్కల నుంచి జారిపోయేవి. పైనున్న వేళ్లు ఎండిపోయాయి, చిల్లుల్లోంచి కిందికి పాకినవి కుళ్లిపోయాయి. రెండు కష్టాలూ ఒకేసారి పడింది పాపం. ఇన్నేళ్లూ ఆకులు వేస్తూనే ఉంది, నేను కోస్తూనే ఉన్నాను.

బాత్రూమ్ నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. కోపమే నయం, పని జరుగుతుంది.

జూలై 14, సోమవారం

కొట్టుకి సెలవు పెట్టాను. కారణం మొక్క అని చెబితే ఓనరమ్మ, "బతికించుకునే రా" అంది.

వీధి చివర మొక్కలమ్మే బండి దగ్గర వెడల్పాటి మట్టికుండీ కొన్నాను. అడుగున చిల్లులున్నాయో లేవో వేలు దూర్చి మరీ చూశాను. బండివాడు నవ్వాడు. వేళ్ల చెండుని నీళ్లలో నానబెట్టి, చిక్కుపడ్డ దారం విప్పినట్టు చేతివేళ్లతో విప్పుకుంటూ వచ్చాను. మెత్తగా కుళ్లినవి పట్టుకుంటేనే ఊడొచ్చాయి. మట్టి, పీచు, ఇసుక కలిపి కొత్త కుండీలో నాటాను. నీళ్లు పోస్తే చిల్లుల్లోంచి ధారగా కారాయి. ఆ చప్పుడు వింటూ కాసేపు కూర్చున్నాను.

జూలై 19, శనివారం

ఇంకా వాలిపోయింది. ఆకులన్నీ కుండీ అంచు మీద పడి ఉన్నాయి. వేళ్లు కదిపితే కొన్నాళ్లు ఇలాగే ఉంటుందని చదివాను. చదివినంత ధైర్యం చూసినప్పుడు రావడం లేదు.

ఇవాళ శనివారం. కత్తెర కోత బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చాను.

జూలై 22, మంగళవారం

ఇంటాయన దగ్గరికి పైకి వెళ్లాను. బావ ఖాళీ చేస్తున్నామని చెప్పకముందే నేను మాట్లాడాలనిపించింది. ముసలాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పేపరు మడిచాడు.

"అగ్రిమెంటు నా పేరు మీదికి మార్చండి, తాతగారూ."

"ఒంటరి ఆడవాళ్లకి ఇవ్వనమ్మా. ముందే చెప్పాను."

"ఉంటోంది నేనే కదండీ. ఇన్నాళ్లలో నా మీద ఫిర్యాదేమైనా వచ్చిందా?"

"మొక్కని కేకలేస్తుంటావని కిందింటావిడ చెప్పింది."

"మొక్కయితే చెప్పలేదు కదా."

నవ్వు ఆపుకోలేకపోయాడు. వాళ్లావిడ లోపల్నుంచి, "రాసిచ్చేయండీ, ఈ అమ్మాయి వచ్చాకే మెట్లు శుభ్రంగా ఉంటున్నాయి" అంది. సంతకం ఎల్లుండి.

జూలై 25, శుక్రవారం

సంతకం నిన్న అయిపోయింది. నా పేరు నా చేత్తో. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ దొరసాని మధ్యలోంచి ఏదో లేచింది. పెన్సిలంత సన్నగా, నిటారుగా, గట్టిగా చుట్టుకుని. ముందు చూడగానే మళ్లీ ముడుచుకుందనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే కొత్త ఆకు. దీని ఆకులు పుట్టడమే చుట్ట చుట్టుకుని పుడతాయి. ఎన్నిసార్లు చూశానో అక్కడ. ఇలాంటివి కూడా ముడుచుకున్నవనే అనుకుని ఎన్ని కోశానో.

జూలై 27, ఆదివారం

వచ్చారు. ఆయనకి కుర్చీ, బావకి మంచం, అక్కకి స్టూలు. నేను నిలబడ్డాను.

ఆయన బాగానే ఉన్నారు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. కూర్చోగానే నా నెట్ కర్టెన్ వంకరగా ఉందని లేచి సరిచేశారు. టీ బాగుందన్నారు. తర్వాత బావ వైపు తిరిగి నా గురించి చెప్పడం మొదలుపెట్టారు. బ్యాంకులో ఒకసారి నేను తప్పు క్యూలో నిలబడిన కథ. అది అందరికీ చెబుతుంటారు. బావ మర్యాదకి నవ్వారు.

"దానికేం తెలుసండీ, ఏదో ఆవేశం. ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసేస్తే…" అంటున్నారు ఆయన.

"బావగారూ, ఇల్లు…" అన్నాను నేను.

"నువ్వుండు" అన్నారు ఆయన. అలవాటే. అక్క తలెత్తి ఆయన్ని చూసింది. ఇదివరకు ఎన్నిసార్లు విని ఉంటుందో, ఇవాళే విన్నట్టు చూసింది.

నేను ఆగాను. పదహారేళ్ల అలవాటు, నోరు దానంతటదే మూతపడింది. ఆయన మొక్క వైపు తిరిగి నిట్టూర్చారు. "చూడండి దీని పరిస్థితి. మట్టికుండీలోకి కూడా మార్చేసింది. పోనీ ఈ ముడుచుకున్నదైనా తీసేస్తే కాస్త నీట్‌గా ఉంటుంది" అంటూ వంగి, మధ్యలో లేచిన ఆ కొత్త ఆకుని రెండు వేళ్లతో పట్టుకున్నారు.

"మీరుండండి" అన్నాను.

గట్టిగానే వచ్చింది. బావ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఆయన వేళ్లు వదల్లేదు, నేనన్నది అర్థం కానట్టు నా వైపు చూశారు. వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని తీసేశాను.

"అది ముడుచుకోలేదు. ఇంకా విచ్చుకోలేదు. ఇల్లు నా పేరు మీద రాయించుకున్నాను బావగారూ, మీకు శ్రమ లేదు. నేను రాను."

ఆయన నవ్వబోయారు గానీ కలిసి నవ్వేవాళ్లు ఎవరూ లేకపోయారు. లేచి చెప్పులేసుకుంటుంటే బాత్రూమ్‌లోంచి పింగాణీ కుండీ తెచ్చి చేతికిచ్చాను.

"మీది. శుభ్రంగా కడిగాను."

వద్దంటారనుకున్నాను. తీసుకున్నారు. రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని, మెట్లు కనబడక కాలితో తడుముకుంటూ దిగారు. వెనకే బావ.

అక్క ఉండిపోయింది. కప్పులు కడుగుతూ నా వైపు చూడకుండా, "నాతో ఎప్పుడూ చెప్పలేదేమే?" అంది.

"నాకే తెలీలేదక్కా."

"పందెం సంగతి?"

"మొక్క ఇంకా తేరుకోలేదుగా."

"తేరుకోకపోతే మాత్రం? మీ బావతో నేను పోట్లాడతానులే" అంది. కప్పులన్నీ తుడిచి బోర్లించాకే వెళ్లింది.

ఆయన వేళ్లు పట్టిన చోట కొత్త ఆకు అంచు నలిగింది. చూడాలి.

ఆగస్టు 1, శుక్రవారం

రెండు పాత ఆకులు లేచి నిలబడ్డాయి. కొత్తది ఇంకా చుట్టుకునే ఉంది. దాని ఇష్టం.

ఆగస్టు 9, శనివారం

విచ్చుకుంది. రాత్రికి రాత్రే అయి ఉంటుంది. లేత ఆకుపచ్చ, చారలు ఇంకా తడిగా ఉన్నట్టున్నాయి. నలిగిన చోట అంచు చిరిగి, ఆ మేర గోధుమ రంగుకి తిరిగింది. అది ఇంక అతకదు.

రేపు ఆదివారం జిప్ వస్తానంది. అక్క కాకుండా ఈ ఇంటికి నేను పిలిచిన మొదటి మనిషి. సాయంత్రం నేల తుడిచాను, కుర్చీ సర్దాను. కుండీని చిరిగిన ఆకు గుమ్మానికి ఎదురుగా వచ్చేలా తిప్పి పెట్టాను.